నేలను వదలని చక్రం

ఆదోని

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన వీడియోలు ఒకటికి నాలుగుసార్లు చూశాను. ఫోన్లోనే చెప్పేయొచ్చు గానీ, ఫోన్లో విన్నది స్పానరు చేతికొచ్చేసరికి సగం మరిచిపోతాం. ఈ కాగితం ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్కటే చూసుకుంటూ పని చెయ్యి. గ్రీజు మరకలైనా పర్లేదు.

వీడియోలో నాకు కనిపించినవి మూడు సంగతులు. ఎర్ర గరుసు మీద నీ రిమోటు ట్రక్కు పరిగెత్తడం లేదు, గంతులేస్తోంది. గోలీకాయంత రాయి తగిలినా చక్రం గాలిలోకి లేస్తోంది. రిమోటు చక్రం వదిలేస్తే బండి ఎడమకు లాగుతోంది. జోరు మీద మలుపు తిప్పగానే పల్టీ కొడుతోంది. వీటికి నువ్వు అనుకున్న మందు ఇంకా గట్టి స్ప్రింగులు, ఇంకా చిక్కటి ఆయిలు, అల్యూమినియం ఆర్ములు. అవన్నీ తెప్పించడానికి నాలుగు వేలు అడిగావు. డబ్బుదేముందప్పా, ఇస్తాను. కానీ ఆ సామాను వేశావంటే ఇప్పుడున్న జబ్బు రెట్టింపవుతుంది.

గెంతే బండిని చూస్తే బిగించాలని ఎవరికైనా తోస్తుంది. నా దగ్గరికొచ్చే లారీ డ్రైవర్లలో కూడా చాలామంది అదే అడుగుతారు, కమాన్ కట్టలో ఇంకో పట్టీ వెయ్యమని. సస్పెన్షన్ ఉన్నది బండిని కదలకుండా పట్టి ఉంచడానికి కాదు. చక్రాన్ని కదలనివ్వడానికి. రాయి ఎదురైతే చక్రం ఒక్కటే పైకి లేవాలి, ఛాసిస్ తన దారిన తాను పోవాలి. గుంత ఎదురైతే ఛాసిస్ దిగేలోపే చక్రం దిగి అడుగున నేలను పట్టుకోవాలి. నేలను వదిలిన చక్రంతో బండిని లాగలేం, ఆపలేం, తిప్పలేం. నీ మూడు ఫిర్యాదుల్లో గెంతుకు మూలం ఇక్కడే ఉంది. ఎడమకు లాగడం, పల్టీ కొట్టడం వేరే లెక్క. వాటికి తర్వాత వస్తాను.

నీది బెంగళూరులో ఒకరు వాడి అమ్మిన బండి. వాళ్లు అపార్ట్‌మెంటు పార్కింగులో, తారు మీద నడిపేవాళ్లని నువ్వే చెప్పావు. నున్నటి తారుకు ఎత్తు తక్కువ, స్ప్రింగు గట్టి, ఆయిలు చిక్కగా పెట్టుకోవడం వాళ్లకు సరైన పనే. అదే బిగింపుతో నువ్వు దాన్ని ఎమ్మిగనూరు నేల మీదకు దింపావు. అసలు ఈ షార్ట్ కోర్స్ ట్రక్కు పుట్టింది గతుకుల కోసం. మెక్సికోలో బాహా కాలిఫోర్నియా ఎడారిలో 1967లో మొదలైన బాహా 1000 లాంటి పందేల బాటలో వచ్చి, గతుకుల చిన్న ట్రాకుల మీద పరిగెత్తే ట్రక్కులకు ఇది పదో వంతు నమూనా. 2008లో ట్రాక్సస్ కంపెనీ స్లాష్ అనే బండి తెచ్చాకే ఈ రకం ప్రపంచమంతా పాకింది. ఆ అసలు ట్రక్కులను నిదానపు వీడియోలో చూడు. చక్రాలు పైకీ కిందికీ అడుగుల కొద్దీ ఊగుతుంటాయి, క్యాబిన్ మాత్రం దాదాపు కదలకుండా పోతుంటుంది. నీ బండి కూడా అలా పోవాలి.

ఇక పని. ముందు పరిశుభ్రమైన, సమమైన చోటు కావాలి. మీ వసారాలో పరిచిన బేతంచెర్ల బండల్లో గోలీ పెడితే దొర్లని బండ ఒకటి వెతుక్కో. దాని మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టు, కొలతలన్నీ ఇకమీదట అక్కడే. బాడీ తీసెయ్యి. బ్యాటరీ మాత్రం లోపలే ఉంచు, దాని బరువుతోనే బండి కూర్చునే తీరు తెలుస్తుంది.

మొదట నాలుగు షాకుల కింది స్క్రూలు విప్పి వాటిని ఆర్ముల నుంచి వేరు చెయ్యి. ఇప్పుడు ఒక్కో ఆర్మును వేలితో పైకెత్తి వదులు. తన బరువుతో తానే జారి పడిపోవాలి. మధ్యలో ఎక్కడైనా ఆగినా, నెమ్మదిగా దిగినా అక్కడ పట్టేస్తోందన్నమాట. ఇది చూడకుండా స్ప్రింగులు మార్చేవాళ్లు పడే కష్టమంతా వృథా. ఎంత మెత్తటి స్ప్రింగు వేసినా పట్టేసిన ఆర్ము చక్రాన్ని దిగనివ్వదు. హింజ్ పిన్ను వంగిందేమో తీసి బండ మీద దొర్లించు, వంపు ఉంటే ఎగుడుదిగుడుగా దొర్లుతుంది. బాల్ జాయింటు కప్పు మరీ బిగువైతే కప్పును బంతి మీదే ఉంచి పకడుతో మెల్లగా ఒక్కసారి నొక్కి వదులు. పిన్నులకు ఆయిలు పూయకు. మన రేగడి దుమ్ము పిండికన్నా సన్నం. ఆయిలు తగిలిన చోట అంటుకుని ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. పొడి బ్రష్షుతో దులిపితే చాలు. మీ వైపు మగ్గాల దారపు పోగులు, మా వైపు జిన్నింగు మిల్లుల దూది నేల మీద తిరుగుతుంటాయి కాబట్టి చక్రాల వెనక యాక్సిలుకు పోగులు చుట్టుకున్నాయేమో కూడా చూడు. బేరింగు దగ్గర గట్టిగా చుట్టుకున్న పోగు ఒక చక్రానికి బ్రేకు వేసినట్టే. బండి ఒక పక్కకు లాగడానికి అదొక్కటే కారణమై ఉండొచ్చు కూడా.

తర్వాత షాకులు. చాలామంది స్ప్రింగునూ షాకునూ ఒకటిగా చూస్తారు. స్ప్రింగు బరువును మోస్తుంది. లోపలున్న ఆయిలు బరువును మొయ్యదు, వేగాన్ని మాత్రమే అడ్డుకుంటుంది. పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా ఆయిలు అటూ ఇటూ పోవాలి. నువ్వు మెల్లగా నొక్కితే తేలిగ్గా పోతుంది, గబుక్కున నొక్కితే ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు నీ బండి సంగతి ఆలోచించు. వరసగా గతుకులున్న చోట చక్రం పైకి నొక్కుకుపోయింది. మళ్లీ కిందికి దిగడానికి ఆయిలు చిక్కగా ఉంది. పూర్తిగా దిగేలోపే ఇంకో రాయి వచ్చింది. మళ్లీ కాస్త పైకి పోయింది. అలా నాలుగైదు రాళ్లయ్యేసరికి సస్పెన్షన్ పైనే ఇరుక్కుపోతుంది, ఇక కదలడానికి మేర ఉండదు. ఆ తర్వాత రాయి దెబ్బ నేరుగా ఛాసిస్‌కే. వీడియోలో నువ్వు చూపించిన గెంతు అదే. దానికి ఇంకా చిక్కటి ఆయిలు పోస్తే ఏమవుతుందో నువ్వే చెప్పు.

పాత ఆయిలు పారబోసి సిలికాన్ షాక్ ఆయిలు 30 నంబరుది పొయ్యి. కొన్ని సీసాల మీద అదే చిక్కదనం 350 సీఎస్‌టీ అని ఉంటుంది, కంగారు పడకు. సిలికాన్ ఆయిలు మామూలు ఆయిలంత కాకపోయినా ఎండకు పలచబడుతుంది. మన చైత్ర వైశాఖాల్లో నీడలోనే 42, 43 డిగ్రీలుంటే గరుసు మీద వేడి ఇంకా ఎక్కువ. అందుకే ఎండాకాలానికి 35 నంబరుది ఒక సీసా ఉంచుకో. కార్తీకం దాటాక 30కి తిరిగిరా.

పోసే పద్ధతి ముఖ్యం. రాడ్డును పూర్తిగా కిందికి లాగి, షాకును నిలబెట్టి, అంచుకు కాస్త తక్కువగా ఆయిలు పొయ్యి. పిస్టన్‌ను ఆయిలులో మునిగే ఉంచి మెల్లమెల్లగా పైకీ కిందికీ ఆడించు. బుడగలు పైకొస్తాయి. కాసేపు అలా నిలబెట్టి వదిలెయ్యి. తొందరపడితే బుడగ లోపలే ఉండిపోతుంది, పిస్టన్ గాలిని తాకినప్పుడల్లా ఆ క్షణంలో షాకు లేనట్టే. తర్వాత రాడ్డును కొంచెం లోపలికి నెట్టి మూత బిగించు, మిగులు ఆయిలు పక్కల నుంచి పొంగిపోనీ. బిగించాక నొక్కి చూస్తే చప్పుడు రాకూడదు. గుడగుడమంటే మళ్లీ విప్పు. చివరగా ముందరి షాకులు రెండింటినీ స్ప్రింగుల్లేకుండా రాడ్డు చివరలు ఎదురెదురుగా ఆనించి ఒకేసారి నొక్కు. రెండూ సమంగా లోపలికి పోవాలి. ఒకటి ముందే పోతే దానిలో ఆయిలు తక్కువో, గాలి ఎక్కువో ఉంది. వెనకవాటికీ అంతే. ఎడమా కుడీ సమంగా లేని బండికి ఏ సెట్టింగూ నిలవదు.

స్ప్రింగుల మాటకొస్తే, ఇప్పుడున్నవి తీసి మధ్యరకానికి దిగు. స్ప్రింగుల్లో కొనాల్సింది అదొక్క సెట్టే. స్ప్రింగు పైనున్న కాలరును తిప్పి బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని నీ స్నేహితుడు చెప్పాడన్నావు. గట్టిపడదు. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందంలో, చుట్ల లెక్కలో, చుట్టు వెడల్పులో ఉంటుంది. కాలరు తిప్పితే మారేది బండి నిలబడే ఎత్తు మాత్రమే. కాబట్టి కాలరును ఎత్తు సరిచేయడానికే వాడుకో. స్ప్రింగులూ షాకులూ తిరిగి బిగించి, బండిని జానెడు పైకెత్తి బండ మీద వదిలి, అది కూర్చున్నాక ఛాసిస్ అడుగుకూ బండకూ మధ్య కొలువు. రేసు ట్రాకుల వాళ్లు 25, 28 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటారు. మీ గరుసుకు 35 దగ్గర మొదలుపెట్టు, వెనక ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్నా మంచిదే. ఆ ఎత్తులో కూర్చున్న బండిని మెల్లగా పైకెత్తితే చక్రాలు నేలను వదిలేముందు కొంత కిందికి జారాలి. దీన్నే డ్రూప్ అంటారు. నొక్కుకుపోయే మేరను అందరూ చూస్తారు, దిగే మేరను ఎవరూ చూడరు. గుంతలో నేలను పట్టేది ఆ దిగే మేరే. మన నేలల్లో దాన్ని తగ్గించే పని ఎప్పుడూ చెయ్యకు.

ఇప్పుడు మళ్లీ జానెడు ఎత్తు నుంచి వదిలి చూడు. ఒక్కసారి నొక్కుకుని, లేచి, తన ఎత్తులో నిలిచిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే ఆయిలు పలచన. కిందే కూర్చుని నిద్రలేచినట్టు మెల్లగా లేస్తే ఆయిలు చిక్కన. ఇంతకు మించిన పరికరం ఈ పనికి అక్కర్లేదు.

వెనక ఇరుసుకు అడ్డంగా సన్నటి తీగలాంటి కడ్డీ ఉంది చూశావా, అది స్వే బార్. మలుపులో బండి ఒరగకుండా ఎడమ కుడి ఆర్ములను కలిపి పట్టుకుంటుంది. తారు మీద మేలు చేస్తుంది. గతుకుల్లో మాత్రం ఒక చక్రం రాయెక్కితే రెండో చక్రాన్ని కూడా పైకి లాగుతుంది. విప్పి డబ్బాలో దాచు.

అల్యూమినియం ఆర్ముల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ప్లాస్టిక్ ఆర్ము దెబ్బ తగిలితే వంగి మళ్లీ తన రూపానికి వస్తుంది. మరీ గట్టి దెబ్బైతే తానే విరుగుతుంది, కొత్తది చవక. అల్యూమినియం ఆర్ము వంగితే వంగినట్టే ఉండిపోతుంది, నీకు తెలియకుండా చక్రం కోణం మారిపోతుంది. వంగకపోతే దెబ్బను వెనకనున్న గేర్ పెట్టెకు తోసేస్తుంది. పైగా బరువు. చక్రంతోపాటు పైకీ కిందికీ ఆడే భాగం ఎంత తేలికైతే చక్రం నేలను అంత త్వరగా అందుకుంటుంది. తడి రేగడిలో నడపొద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే. నల్లమట్టి టైరు చుట్టూ పేరుకుని చక్రం బరువును అప్పటికప్పుడు పెంచేస్తుంది, మోటారు వేడెక్కుతుంది, ఎంత మంచి షాకైనా ఆ బరువును అదుపు చేయలేదు. వాన పడిన మూడు నాలుగు రోజులు చేల వైపు పోవద్దు. ఎర్రనేల తొందరగా ఆరుతుంది, అక్కడ ఆడుకో.

ఇక స్టీరింగు. మీ నీలకంఠేశ్వర జాతరలో తేరు లాగేటప్పుడు ఈసారి భక్తితోపాటు కింద చక్రాలను కూడా గమనించు. తేర్లకు సాధారణంగా స్టీరింగు ఉండదు, ఇరుసులు తిరగవు. చక్రాల కింద చెక్క దిమ్మెలు తోసి దారి మళ్లిస్తారు. అంత బరువు ఒరుసుకుంటూ పక్కకు జరుగుతుంది. ఎద్దుల బండికి ఆ బాధ లేదు, రెండే చక్రాలు, దేనిదారిన అది తిరుగుతుంది. నాలుగు చక్రాలొచ్చాకే చిక్కొచ్చింది. మలుపులో లోపలి చక్రం చిన్న చుట్టు, బయటి చక్రం పెద్ద చుట్టు తిరగాలి. రెండింటినీ ఒకే కోణంలో తిప్పితే ఏదో ఒకటి ఈడ్చుకుపోతుంది. దీనికి దారి కనిపెట్టింది మోటారు వాళ్లు కాదు, గుర్రపు బగ్గీల వాళ్లు. మ్యూనిక్‌లో బగ్గీలు చేసే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఇరుసును కదపకుండా దాని చివర్లనున్న చక్రాలను మాత్రమే తిప్పే పద్ధతి తెచ్చాడు, లోపలి చక్రం కాస్త ఎక్కువ తిరిగేలా. 1818లో లండన్‌లో అతని తరఫున పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే దానికి స్థిరపడిపోయింది. రెండు వందల ఏళ్ల కిందటి ఆ లెక్కే నేను బాగుచేసే లారీలోనూ నీ చేతిలోని ట్రక్కులోనూ ఉంది. నాకు ఈ పని మీద గౌరవం కలగడానికి ఇలాంటివే కారణం. ఎడమకు పూర్తిగా తిప్పి పైనుంచి చూడు. ఎడమ చక్రం కుడిదానికన్నా ఎక్కువ తిరిగి ఉండాలి. అలా లేకపోతే బండి అమ్మినవాళ్లు స్టీరింగు భాగాలను ఎడమవి కుడికి, కుడివి ఎడమకు మార్చి బిగించారేమో చూసుకో.

ఎడమకు లాగడం గురించి నువ్వు చేసింది రిమోటులో నడుమను జరిపే ట్రిమ్ తిప్పడం. అది చివర చేసే పని. ముందు రిమోటులో ట్రిమ్‌ను సున్నాకు తెచ్చి, రిమోటు వేశాక బండి వెయ్యి. రిసీవరు, ముందు చక్రాలను తిప్పే సర్వో మోటారుకు సెకనుకు దాదాపు 50 సార్లు ఒక సంకేతం పంపుతుంటుంది. సంకేతం నిడివి 1.5 మిల్లీసెకన్లైతే సర్వో నడిమధ్య నిలుస్తుంది, 1 వైపు తగ్గితే ఒక పక్కకు, 2 వైపు పెరిగితే ఇంకో పక్కకు తిరుగుతుంది. నడిమధ్య సంకేతం అందుతున్న ఆ స్థితిలోనే సర్వో మీదున్న చెయ్యి లాంటి ముక్క, అంటే హార్ను, లింకుకు నిలువుగా, తొంభై డిగ్రీల్లో ఉండాలి. లేకపోతే హార్నును ఊడదీసి ఒక పన్ను అటో ఇటో జరిపి బిగించు. ఇప్పుడు ముందు చక్రాలను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించు. సర్వో కదలకుండా చక్రాలు వదులుగా ఆడుతున్నాయంటే ఏ జాయింటులో ఆ ఆట ఉందో వేలు పెట్టి వెతుకు. అరిగిన బాల్ కప్పుకు సెట్టింగు మందు కాదు, కొత్త కప్పే మందు.

ముందు చక్రాలను స్టీరింగుకు కలిపే టై రాడ్లు రెండింటి పొడవూ క్యాలిపరుతో కొలిచి సమం చెయ్యి. వాటికి ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర ఉంటుంది, విప్పకుండానే మధ్యలో స్పానరు పెట్టి తిప్పితే పొడవు మారుతుంది. నీ టైరు ఎత్తు 110 మిల్లీమీటర్ల దగ్గర ఉంది కదా, ఒక డిగ్రీ వంపంటే టైరు అంచు దగ్గర దాదాపు 2 మిల్లీమీటర్లు. ఈ ఒక్క లెక్క గుర్తుంటే గేజీలు కొననక్కర్లేదు. బండ మీద మూలమట్టం నిలబెట్టి టైరు పైఅంచు 2 మిల్లీమీటర్లు లోపలికి ఒరిగి ఉండేలా చూడు, అది ఒక డిగ్రీ క్యాంబరు. ముందూ వెనకా అంతే చాలు. మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు నిండుగా నేలకు ఆనడానికి అది కావాలి. అలాగే రెండు ముందు చక్రాల ముందరి అంచుల మధ్య దూరం, వెనకటి అంచుల మధ్య దూరం కొలువు. ముందుది 4 మిల్లీమీటర్లు తక్కువుంటే ఒక్కో చక్రం ఒక డిగ్రీ లోపలికి చూస్తోందన్నమాట. దీన్నే టో అంటారు. గరుసు మీద సూటిగా పోవాలంటే ముందు సున్నా, లేదా అర డిగ్రీ లోపలికి. చక్రాలు బయటికి చూస్తే మలుపులోకి చురుగ్గా దూకుతుంది గానీ గతుకుల మీద తిన్నగా పోదు. కొత్తగా నేర్చుకునేవాడికి అది వద్దు. ఇదంతా ఎత్తు సరిచేశాకే చెయ్యాలి. బండి ఎత్తు మారితే ఆర్ముల వాలు మారుతుంది, దాంతో క్యాంబరూ టో రెండూ మారిపోతాయి. వరస తప్పితే చేసిందంతా మళ్లీ చెయ్యాల్సిందే.

ఇంకో పరీక్ష కూడా చెయ్యి. స్క్రూడ్రైవరు మొనను ఛాసిస్ ముందుభాగంలో సరిగ్గా మధ్యన ఆనించి మెల్లగా పైకెత్తు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి నేలను వదలాలి. ఒకటి ముందే లేస్తే దాని మీద బరువు తక్కువ పడుతోందన్నమాట. వెనక ఎడమ కుడి కాలర్లు సమంగా లేకపోవడమో, ఛాసిస్ మెలిక తిరగడమో కారణం అవుతుంది. ఇవన్నీ సరిచేశాక కూడా కాస్త లాగితే అప్పుడు ట్రిమ్ ఒకటి రెండు మెట్లు తిప్పు.

సర్వో సేవరు అని స్ప్రింగుతో ఉన్న ముక్క ఉంది. చక్రం రాయికి కొట్టుకున్నప్పుడు దెబ్బ సర్వో పళ్లకు చేరకుండా తాను తిరిగి కాపాడుతుంది. మరీ వదులైతే నిలబడిన చోట చక్రాలు తిరగవు, మరీ బిగువైతే సర్వో పళ్లు ఊడతాయి. రిమోటు పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు సర్వో జుయ్యిమని మూలుగుతోందని నువ్వు రాశావు. చక్రం అడ్డుకు తగిలాక కూడా సర్వో ఇంకా తోస్తోందన్నమాట. రిమోటులో ఎండ్ పాయింట్ తగ్గించు, మూలుగు ఆగేదాకా. ఇది ఈరోజే చెయ్యి, మిగతావి ఆదివారానికి ఉంచినా పర్లేదు. అలాగే వదిలేస్తే సర్వో మోటారు కాలుతుంది.

పల్టీ సంగతికొస్తే, మా మార్కెట్ యార్డు నుంచి జిన్నింగు మిల్లుకు పోయే పత్తి లారీని చూశావు కదా, బరువు తక్కువే, ఎత్తే ఎక్కువ. డ్రైవరు మలుపుకు చాలా ముందే జోరు తగ్గిస్తాడు, మలుపులో బ్రేకు ముట్టడు, స్టీరింగు ఒక్కసారిగా విరవడు. నీ ట్రక్కూ అంతే, ఎత్తైన బండి. నువ్వు నిండు జోరులో చక్రాన్ని చివరిదాకా విరుస్తున్నావు. స్ప్రింగులు మెత్తన చేశాక ఒరుగు ఇంకాస్త పెరుగుతుంది కూడా, అది నీకు ముందే చెప్పాలి. అందుకని రిమోటులో డ్యూయల్ రేట్, అంటే చక్రాలు తిరిగే మేర, 70 శాతానికి తగ్గించు. అప్పటికీ పల్టీ కొడితే ఎత్తు 32కి దించు. అదీ చాలకపోతే ముందు షాకుల పైచివరను అవి బిగించి ఉన్న టవరు మీద బయటి రంధ్రానికి మార్చు. షాకు నిలువుగా అయ్యేకొద్దీ అదే స్ప్రింగు కాస్త గట్టిగా పనిచేస్తుంది, ఒరుగు తగ్గుతుంది. లోపలి రంధ్రానికి జరిపితే మెత్తగా మొదలై నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. స్వే బార్ మాత్రం తిరిగి పెట్టకు.

తిప్పినా తిరక్క ముందుకే తోసుకుపోతోందంటే ముందు చక్రాల పట్టు తక్కువ. అక్కడ స్ప్రింగు మెత్తన చెయ్యాలి, లేదా యాక్సిలరేటరు వదిలితే బరువు ముందుకొచ్చి తిరుగుతుంది. వెనకభాగం చుట్టేస్తోందంటే వెనక మెత్తన చెయ్యి. ఏ వైపు పట్టు కావాలో ఆ వైపు మెత్తన. ఇంతకుముందు చెప్పిన మాటే ఇది, చక్రాన్ని కదలనిస్తే నేలను పట్టుకుంటుంది.

గట్టు మీద నుంచి ఎగిరించినప్పుడు గాలిలో యాక్సిలరేటరు నొక్కితే ముక్కు పైకి లేస్తుంది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి దిగుతుంది. చక్రాలు జోరందుకున్నప్పుడు ఆ తిప్పుడుకు ఎదురుగా ఛాసిస్ తిరుగుతుంది కాబట్టి. నాలుగు చక్రాలూ ఒకేసారి ఆనేలా దిగితే షాకులు పంచుకుంటాయి. తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) గట్టు నున్నగా ఉంటుందని అక్కడికి పోతున్నావట. సెట్టింగు చూసుకోవడానికి మంచి చోటే గానీ, నీళ్లు వదిలిన రోజుల్లో వద్దు. బండి నీళ్లలో పడితే నువ్వు దిగుతావని నాకు తెలుసు. బండి పోతే ఇంకోటి కొనిస్తాను.

పరీక్ష చేసేటప్పుడు ఒకసారి ఒకటే మార్చు. గరుసులో నాలుగు రాళ్లు గుర్తుపెట్టి ఒక చుట్టు గీసుకో, గతుకులు కొంత, మలుపులు రెండు, సూటి దారి ఒకటి ఉండాలి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే నడిపి చూడు, సగం దిగిన బ్యాటరీతో జోరు తగ్గి బండి బాగుపడిందని భ్రమ కలుగుతుంది. పాత నోటుబుక్కులో తేదీ, నేల ఆరిందా తడిదా, ఎత్తు, ఆయిలు నంబరు, స్ప్రింగు రంగు, ఏం మార్చావు, ఏమనిపించింది రాసుకో. నచ్చకపోతే వెనక్కి రావడానికి దారి ఉంటుంది. పల్లేరుకాయలకు భయపడకు, ఈ టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది, గుచ్చుకున్నా పంచరు కాదు. టైరు అంచు రిమ్ముకు అంటిన జిగురు ఊడిందేమో మాత్రం చూసుకుంటుండు. ఒక పక్క ఊడినా బండి ఆ పక్కకే ఈడుస్తుంది.

ఖర్చు సంగతి. మధ్యరకం స్ప్రింగుల సెట్టు, 30, 35 నంబర్ల ఆయిలు సీసాలు, బాల్ కప్పుల పొట్లం, చవక క్యాలిపరు ఒకటి. నువ్వడిగిన దాంట్లో సగం కూడా కాదు. డబ్బు అక్క చేతికి పంపిస్తున్నాను. మిగిలింది రెండో బ్యాటరీకి దాచుకో.

ఈ గరుసు సెట్టింగు కుదిరాక సెలవులకు ఆదోని రా. రణమండల కొండ కింద రాతిగుండ్ల మధ్య నడిపిద్దాం. అక్కడ జోరుతో పని లేదు, ఆయిలు ఇంకా పలచన కావాలి, దిగే మేర ఇంకా ఎక్కువ కావాలి, నీ కొలతలన్నీ మళ్లీ మార్చాల్సి ఉంటుంది. వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు, తీసేసిన గట్టి స్ప్రింగులు, స్వే బార్ అన్నీ ఒక డబ్బాలో వేసి తీసుకురా. ఆర్ములు జారి పడుతున్నాయా లేదా అన్నది మాత్రం అప్పటిదాకా ఆగకుండా ఈ వారంలోనే జాబు రాయి, ఏ చక్రం దగ్గర పట్టేస్తోందో కూడా.



ఇట్లు,
మీ మామ